మా బావ మీద కన్నేసిన లాప్‌టాప్

కుదిరిన పెళ్ళిని చెడగొట్టడానికి లోకంలో చాలామంది ఉంటారు. గిట్టని చుట్టాలుంటారు, ఆకాశరామన్న ఉత్తరాలుంటాయి, జాతకంలో దోషాలు వెతికే సిద్ధాంతులుంటారు. వీళ్ళెవరి సాయమూ లేకుండా, బక్కపలచని లాప్‌టాప్ ఒకదాన్ని అడ్డం పెట్టుకుని, తాంబూలాల రోజున, పెద్దలందరి ఎదుటా, నా పెళ్ళి నేనే చెడగొట్టుకోబోయాను. ఆ కథే ఇది. మీరు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారని నాకు అనుమానం.

అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. పాలవాడు మామూలుకంటే ఎక్కువ నవ్వితే పాలు వాసన చూస్తాను. బస్సులో పక్కవాడు "ఎంతవరకు బాబూ?" అని అడిగితే, నేను దిగే ఊరు కాకుండా దాని తరవాతి ఊరి పేరు చెప్తాను. అలా చెప్పి, అబద్ధం బయటపడుతుందేమోనని ఓసారి నిజంగానే ఆ తరవాతి ఊళ్ళో దిగి, ఎండలో వెనక్కి నడుచుకుంటూ వచ్చాను. ఆ రోజు పక్కవాడు కిటికీలోంచి నన్నే చూస్తున్నాడు. ఎందుకు చూశాడో ఇప్పటికీ తేలలేదు.

అప్పట్లో నేను రాజాంలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఇంట్లో అమ్మా, నేనూ. నాన్న నా చిన్నప్పుడే పోయారు. మా అక్క లక్ష్మిని దగ్గర్లోనే ఉన్న పల్లెలో అప్పలనాయుడు బావకి ఇచ్చాం. బావకి రాజాంలో, మా వీధి చివరే, ధాన్యం కొట్టు. మిట్టమధ్యాహ్నం ఊరికి వెళ్ళి రావడం కష్టమని మా ఇంటికొచ్చి, అమ్మ చేతి అన్నం తిని, ఓ కునుకు తీసి, ఎండ చల్లబడ్డాక కొట్టుకి వెళ్ళేవాడు. నాన్న పోయాక మా ఇంటికి పెద్దదిక్కు ఆయనే.

బావకో చెల్లెలుంది. పేరు జ్యోతి. పొందూరు దగ్గర బళ్ళో టీచరు. పెళ్ళంటూ చేసుకుంటే జ్యోతినే చేసుకుంటానని నేను అమ్మ చెవిన వేశాను. అమ్మ అక్క చెవిన వేసింది, అక్క బావ చెవిన వేసింది. బావ తల గీరుకుని "సూద్దాం లే" అన్నాడు. ఆ "సూద్దాం" ఎందుకన్నాడా అని నేను చాలా రోజులు అన్నం సరిగా తినలేదు. చివరికి వైశాఖంలో తాంబూలాలు పుచ్చుకుందామని ఆయనే కబురు పెట్టాడు. అంత తొందరగా ఎందుకు ఒప్పుకున్నాడా అని మళ్ళీ అన్నం తినలేదు.

ఈ సందట్లోనే విశాఖపట్నం వెళ్ళి ఆ లాప్‌టాప్ కొన్నాను. మా కాలేజీలో మిగతావాళ్ళవన్నీ సూట్‌కేసుల్లాంటివి, మోస్తే భుజం వంగిపోయేది. నాది పుస్తకాల మధ్య పెడితే కనపడేది కాదు. బావ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇదేట్రా రాజూ, అప్పడంలాగున్నాది? ఇందల సరుకెక్కడెడతావు?"

"సరుకు కాదు బావా, ఫైళ్ళు. నూట ఇరవై ఎనిమిది జీబీ ఉంది. చిన్నదే కానీ చురుకైంది."

"సురుకే గానీ, గోడౌను సిన్నదైతే పంటరోజుల్లో బస్తాలు ఈదిలో ఎట్టుకోవాల మరి."

ధాన్యం వ్యాపారి మాట అని తీసిపారేశాను. తీసిపారేశాను కానీ, రెండు వేళ్ళతో ఎత్తినవాడు అంతసేపు ఎందుకు కింద పెట్టలేదు అన్నది మనసులో రాసుకున్నాను.

వారం తిరిగిందో లేదో మొదలైంది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి చూద్దును కదా, బల్ల మీద మూత మూసి పెట్టిన లాప్‌టాప్ పెనంలా కాలిపోతోంది. లోపల ఫ్యాను రొదపెడుతోంది. తెరిచి చూస్తే, ఖాళీ తగ్గిపోయిందని ఎర్రగీత. నేను పొద్దున్న ముట్టుకున్నాను, మూత మూశాను, వెళ్ళిపోయాను. మూత మూసిన వస్తువు పగలంతా ఎందుకు ఆయాసపడుతుంది? ఎవరో ఇప్పటిదాకా వాడి, గేటు చప్పుడు విని మూసేసి ఉండాలి.

"అమ్మా, దీన్ని ఎవరు ముట్టుకున్నారు?"

"నానేటి ముట్టుకుంటాను బాబూ దాన్ని? దుమ్మడతాదని పొందూరు గుడ్డ కప్పినాను, అంతే."

"ఇంకెవరొచ్చారు?"

"ఎవలొస్తారు? మీ బావొచ్చినాడు. తిన్నాడు, తొంగున్నాడు, ఎల్లిపోనాడు."

"ఎక్కడ పడుకున్నాడు?"

"పడమటింట్ల."

లాప్‌టాప్ ఉన్నది ఆ పడమటి గదిలోనే. ఇంక నాకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. మరునాడు కావాలనే పని ఎగ్గొట్టి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. బావ మంచం మీద పడుకుని ఉన్నాడు. లాప్‌టాప్ బల్ల మీద, గుడ్డ కిందే ఉంది, కానీ బుర్రుమంటోంది.

"వచ్చినావేటి బేగి? కాలేజీ మూసీసినారా?" అన్నాడు బావ కళ్ళు తెరవకుండా.

నేను ఎప్పుడొస్తే ఆయనకేం? ఏం అడ్డం వచ్చింది?

"తలనొప్పిగా ఉంది బావా."

"నాకూ తలనొప్పేరా. నీ మిషను ఒకటే రొద, కునుకు పట్టనీదు."

"రొద చేస్తోందని నీకెలా తెలుసు?"

బావ కళ్ళు తెరిచి నన్ను తేరిపార చూశాడు. "నాకు సెవులున్నాయి గదరా!"

సమాధానం మరీ సిద్ధంగా ఉందనిపించింది. అదే సాయంత్రం జ్యోతి ఫోన్ చేసింది. మామూలుగా అయితే ఆ పిల్ల గొంతు వింటే నా అనుమానాలన్నీ కాసేపు ఎటో పోతాయి. ఆ రోజు పోలేదు.

"రాజు బావా, కొత్త లాప్‌టాప్ కొన్నావట?"

"నీకెవరు చెప్పారు?"

"అన్నయ్య సెప్పినాడు. మిషను బాగున్నాది గానీ పాపం ఊపిరాడక కొట్టుకుంటన్నాది అన్నాడు."

"ఊపిరాడక అన్నాడా? దగ్గరుండి చూసినట్టు? చెప్పేటప్పుడు మొహం ఎలా ఉంది?"

"ఫోన్ల సెప్పినాడు బావా. మొహం కనపడనేదు."

ఇక పరిశోధన మొదలుపెట్టాను. ముందు కీబోర్డు మీద పల్చగా టాల్కం పౌడర్ చల్లాను, ముట్టుకుంటే వేలిముద్ర పడుతుందని. సాయంత్రం వచ్చి చూస్తే వేలిముద్ర లేదు, పౌడరూ లేదు. ఫ్యాను దాన్నంతా లోపలికి లాగేసుకుంది. అప్పటిదాకా బుర్రుమన్నది ఆ రోజు నుంచి గరగరలాడుతూ దగ్గడం మొదలుపెట్టింది, గది నిండా మల్లెపూల వాసన. కంప్యూటర్ పాఠాలు చెప్పేవాడు కంప్యూటర్‌కి పౌడర్ రాయడమేమిటని మీరు అడగొచ్చు. ఆ ప్రశ్న అప్పుడు నాకెందుకు రాలేదని నేనూ అడుగుతున్నాను.

తరవాత మంచం కింద దాక్కున్నాను. బావ వచ్చాడు, తిన్నాడు, సరిగ్గా ఆ మంచం మీదే పడుకున్నాడు. అది నవారు మంచం, ఆయన భారీ మనిషి. నవారు కిందికి దిగి నా వీపు మీద ఆనుకుంది. వైశాఖ మాసం, నిప్పులు చెరిగే ఎండ, పైన బావ, పక్కన బల్ల మీద దగ్గుతున్న లాప్‌టాప్. ఆ పూట ఆయన దాన్ని ముట్టుకోలేదు. నేనున్నానని పసిగట్టాడు, లేకపోతే ఎందుకు ముట్టుకోడు?

ఇంకా ఖాళీ తగ్గుతూనే ఉంది. ఏ ఫోల్డర్ ఎంత చోటు తింటోందో చూసుకోవాలని నేనే క్లాసులో పిల్లలకి చెప్తాను. నేను చూసుకోలేదు. చూడాల్సిన అవసరం ఏముంది, ఎవరు తింటున్నారో నాకు తెలుసు కదా. బావకి సినిమాల పిచ్చి. పెన్‌డ్రైవ్ తెచ్చి పగలంతా సినిమాలు ఎక్కించుకుంటున్నాడు, సాయంత్రానికి కనపడకుండా ఏ మూలో దాస్తున్నాడు. పెన్‌డ్రైవ్ మూత తీయడం కూడా రాని మనిషి ఇంత పని ఎలా చేస్తాడు అంటారా? రానట్టు నటించడమే అసలు తెలివి.

చివరికి బ్రహ్మాస్త్రం తీశాను. తెర పైన నుదుటి మధ్యలో చిన్న కెమెరా ఉంటుంది కదా, దాంతో గదంతా రికార్డు చేసే ప్రోగ్రామ్ ఒకటి ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికితే ఎక్కించాను. గదిలో మనిషి కదిలితేనే రికార్డు చేయాలి అది. కానీ ఉచితంగా దొరికింది కదా, మనిషి కదిలినా, కర్టెన్ కదిలినా, ఏదీ కదలకపోయినా పొద్దంతా రికార్డు చేసేది. కెమెరా పక్కన వెలిగే దీపం కనపడకుండా బొట్టుబిళ్ళంత కాగితం ముక్క అంటించి, గుడ్డ కప్పొద్దని అమ్మకి చెప్పి, మూత తెరిచే ఉంచి, తెర ఆర్పేసి కాలేజీకి వెళ్ళేవాణ్ణి.

ఆ దెబ్బతో లాప్‌టాప్ ఇదివరకటికి రెట్టింపు కాలింది. దగ్గు కాస్తా కేకలైంది. ఎర్రగీత ఇంకా పొడుగైంది. నాకేమర్థమైందో చెప్పమంటారా? దొంగ రెచ్చిపోయాడని అర్థమైంది. కెమెరా ఆగిపోకూడదని చోటు కోసం నా సొంత సరుకు తీసేయడం మొదలుపెట్టాను. పాటలు తీసేశాను, కాలేజీ రోజుల ఫోటోలు తీసేశాను, పీజీ ప్రాజెక్టు కూడా తీసేశాను. దొంగ సుఖంగా ఉండేందుకు ఇల్లు ఖాళీ చేసిచ్చిన యజమానిని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఆ వీడియోలు ఒక్కొక్కటి పొద్దంత పొడుగు. తెరవబోతే లాప్‌టాప్ బిగుసుకుపోయేది. సరే, పెళ్ళి పనుల మధ్య తీరిగ్గా చూద్దామని ఊరుకున్నాను. ఊరుకున్నవాణ్ణి నోరు మూసుకుని ఊరుకోవద్దూ? అక్కకి ఫోన్ చేసి, ఎవరో చెప్పకుండా, "ఇంట్లో కెమెరా పెట్టాను, ఒకళ్ళ బండారం బయటపడుతుంది" అని గొప్పగా చెప్పాను. రెండు మూడు రోజుల్లోనే బావ వీధిలో ఎదురై పకపకా నవ్వాడు.

"ఏట్రా, ఇంట్ల కెమెరాలెట్టినావట? మీ ఇంట్ల దోసుకోడానికేటున్నాదిరా, మీ అమ్మ ఆవకాయ తప్ప?"

ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఇంటికొచ్చి ఆనాటి వీడియో తెరిచాను. మొత్తం నలుపు. ముందురోజుదీ తెరిచాను. అదీ నలుపే. ఎవరో కెమెరా మూసేశారు! కెమెరా సంగతి తెలిసింది అక్కకి, అక్క ద్వారా బావకి. ఇంకేం కావాలి? అంతకు ముందు వీడియోలు చూసే ఓపిక చేసుకోలేదు. నేరమన్నది చీకట్లోనే ఉంటుంది కానీ వెలుతుర్లో ఎందుకుంటుందని నా లెక్క.

తాంబూలాల రోజు రానే వచ్చింది. పొద్దున్నే బావ ఫోన్.

"రాజూ, నీ లాప్‌టాప్ అట్టుకుని రా. మీ అక్క పెల్లప్పటి ఫోటోలు టీవీల పెద్దోల్లకి సూపిద్దాం."

ఫోటోలట! సాక్ష్యం చెరిపేయడానికి నా చేతే తెప్పిస్తున్నాడు. తీసుకెళ్ళాను. ఆ సన్నటి దానికి టీవీ తీగ దూరే కన్నం కూడా ఉండదు, దానికో తోక లాంటి అడాప్టర్ విడిగా కొనాలి. ఆ తోకా తీసుకెళ్ళాను.

బావ వాళ్ళ హాలు నిండా చుట్టాలు. గోడవారగా స్టాండు ఫ్యాను, అది విసురుతున్న మేర చాప మీద ముసలీ ముతకా. మధ్యలో పీట మీద నన్ను కూర్చోబెట్టారు. ఎదురుగా బావ వాళ్ళ నాయనమ్మ, ఆ ఇంట్లో ఆవిడ మాటే మాట. ఆవిడ చేతిలో ఆకులు, వక్కలు, అరటిపళ్ళతో తాంబూలాల పళ్ళెం. లోపలి గుమ్మం దగ్గర పట్టుచీరలో జ్యోతి. నన్ను చూసి చిన్నగా నవ్వింది. ఆ ఒక్క నవ్వు చూసి నోరు మూసుకుని ఉంటే ఈపాటికి నా బతుకు ప్రశాంతంగా ఉండేది.

బావ నా పక్కన కూర్చుని, "ఇలాతే, నాను ఎడతాను" అని లాప్‌టాప్ మీద చెయ్యి వేశాడు.

"ముట్టుకోకు బావా!" అన్నాను. అరిచానని తరవాత చెప్పారు. "ఇప్పటిదాకా ముట్టుకున్నది చాలు!"

బావ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

"ఏటన్నావు?"

"నేను లేనప్పుడు రోజూ తెరుస్తున్నావు, సినిమాలు ఎక్కిస్తున్నావు. కెమెరా పెడితే దాన్నీ మూసేశావు. అన్నీ నాకు తెలుసు."

"నానా? నాను దొంగనా?" బావ మొహం ఎర్రబడింది. "ఒలే లచ్చిమీ, మీ తమ్ముడు నన్ను దొంగంటన్నాడు. మీ ఇంట్ల రోజూ తిన్నది ఈ మాట కోసమేటి?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ "ఓలమ్మో, నీ నోట్ల మన్ను పడ, ఏటిరా ఆ మాటలు!" అని నా వీపు మీద ఒక్కటిచ్చింది. గుమ్మం దగ్గర జ్యోతి నవ్వు ఎటుపోయిందో తెలీదు. నాయనమ్మ చేతిలోని పళ్ళెం తీసి, మెల్లగా నేల మీద పెట్టేసింది.

"గుంటడా," అంది నాయనమ్మ నాతో, "దొంగన్న మాట ఊరికే అనకూడదు. సాచ్చికం ఉన్నాదా?"

"ఉంది అమ్మమ్మా. వీడియో ఉంది."

"అయితే ఎట్టు, అందరం సూస్తాం. వోడు దొంగైతే నాను సెప్పుచ్చుకు కొడతాను. కాకపోతే నీకు మా జ్యోతి గుంట నేదు. ఎల్లిపోవచ్చు."

తోక తగిలించాను, తీగ తగిలించాను. నల్లటి వీడియో పెట్టాను. టీవీ నిండా నలుపు. "చూశారా?" అన్నాను.

"ఏటి సూడాల?" అంది నాయనమ్మ. "కరెంటు పోయినట్టున్నాది. నల్లటిదాన్ల ఏటి కనపడతాది, మొదట్నుంచీ ఎట్టు."

మొదటిది నేనూ చూడలేదు. తెరిచాను. అప్పుడే లాప్‌టాప్ గరగరలాడుతూ కేక పెట్టింది, బొమ్మ బిగుసుకుపోయింది. అడుగున చెయ్యి పెడితే చురుక్కుమంది. ఇంకాసేపు ఇలాగే ఉంటే ఆరిపోతుందని నాకు తెలుసు. నిజం చెప్పొద్దూ, ఆరిపోతే బాగుండునని కూడా ఒక పక్క అనిపించింది.

బావ లేచాడు. వెళ్ళిపోతాడనుకున్నాను. గోడవారనున్న స్టాండు ఫ్యాను ఈడ్చుకొచ్చి, చాప మీది ముసలాళ్ళంతా "మాకు గాలి!" అని గోల పెడుతున్నా వినకుండా, లాప్‌టాప్ మొహాన తిప్పి పెట్టాడు. "ఆరనీకు. నా దొంగతనం అందరూ సూడాల" అని గోడకి చేరగిలబడి చేతులు కట్టుకున్నాడు.

బొమ్మ కదిలింది. టీవీలో మొట్టమొదట కనిపించిన దొంగ మొహం నాదే. ముక్కు రంధ్రాలతో సహా, టీవీ అంత మొహం. కెమెరా సరిచేస్తూ, జుట్టు దువ్వుకుంటూ, పళ్ళు చూసుకుంటూ. ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత కాలేజీకని బయల్దేరి, మళ్ళీ నేనే తిరిగొచ్చి, కీబోర్డుకి చెవి ఆనించి వినడం, దాని వీపు మీద అరచెయ్యి వేసి జ్వరం చూడడం, మంచం దిండు ఎత్తి వాసన చూడడం. ఇంటి మీద నిఘా పెడితే దొరికినవాణ్ణి నేనే, రోజూ దొరికాను.

నాయనమ్మ "ముందుకి తొయ్యి" అంది. తోశాను. మధ్యాహ్నం. బావ గదిలోకి వచ్చాడు. హాల్లో అందరం ఊపిరి బిగబట్టాం. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు, టేబుల్ ఫ్యాను వేసుకుని మంచం మీద పడుకున్నాడు. కాసేపటికి లేచి కూర్చుని లాప్‌టాప్ కేసి చూశాడు. అది అప్పటికే బుర్రుబుర్రుమంటోంది.

"అత్తా!" అని కేకేశాడు టీవీలో బావ. "ఈ మిషను ఏడెక్కి సచ్చిపోతన్నాదే!"

లోపల్నించి అమ్మ గొంతు: "ముట్టుకోకు బాబూ, ఆడు అరిసేస్తాడు."

"ముట్టుకోనులే. పాపం కుర్రోడు ఎంత ఇష్టపడి కొనుక్కున్నాడో!"

అని తన మీదున్న టేబుల్ ఫ్యాను ఎత్తి, తీసుకొచ్చి, లాప్‌టాప్ ఎదుట పెట్టాడు. గాలి తగిలేలా రెండుసార్లు సరిచేశాడు. తరవాత చొక్కా లేని ఒంటితో కింద గచ్చు మీద పడుకుని, విసనకర్రతో విసురుకుంటూ నిద్రపోయాడు. చెమటలు కారిపోతున్నాయి. లేచాక ఫ్యాను మళ్ళీ దాని చోట పెట్టి వెళ్ళాడు. మరునాడూ అంతే చేశాడు. ఆ మరునాడూ అంతే.

నాకు తలెత్తి చూసే మొహం లేకపోయింది. ఏడుపొచ్చింది, పీట మీద కూర్చుని ఏడిస్తే బాగుండదని దిగమింగుకున్నాను. ఆ మనిషిని, నాన్న తరవాత నాన్న అంతటివాణ్ణి, నేను దొంగ అన్నాను.

"ఇంకున్నాదా?" అంది నాయనమ్మ.

ఇంకొకటుంది, నల్లబడిన రోజుది. టీవీలోకి ఈసారి అమ్మ వచ్చింది. చేతిలో కాటుక భరిణె. తెర ముందు నిలబడి లాప్‌టాప్‌ని జాలిగా చూసింది. "ఆ పక్కింటి పైడమ్మ వచ్చి 'ఎంత సన్నంగున్నాదో, ఎంత బాగున్నాదో' అని అన్నాది. అన్న కాడ్నుంచీ ఒల్లు కాలిపోతన్నాది. దిష్టి తగిల్తే ఏడెక్కదేటి మరి?" అంటూ వేలు కాటుకలో ముంచింది. ఆ వేలు దగ్గరికొచ్చింది. ఇంకా దగ్గరికొచ్చింది. టీవీ అంత పెద్దదైంది. తెర పైన సరిగ్గా నుదుటి మధ్యలో చుక్క పెట్టింది.

టీవీ నల్లబడింది.

హాలు గొల్లుమంది. చాప మీద ముసలాళ్ళు గాలి సంగతి మరిచిపోయి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. నేను వంగి లాప్‌టాప్ నుదురు చూశాను. నల్లటి అంచు మీద నల్లటి కాటుక, ఇన్నాళ్ళూ నా కళ్ళెదుటే ఉంది.

"మరి దిష్టి సుక్క నుదుట ఎట్టక కాల్లకి ఎడతారేటి?" అంది అమ్మ, ఏమాత్రం తగ్గకుండా.

నాయనమ్మ మాత్రం నవ్వలేదు. విచారణ ఇంకా పూర్తి కాలేదు.

"ఒరే గుంటడా, మరి ఆ సరుకంతా ఎవులు నింపినారు?"

అప్పుడు చూశాను, ఏ ఫోల్డర్ ఎంత తిన్నదో. "కెమెరా వీడియోలమ్మమ్మా. నేనే."

"కెమెరా ఎట్టక ముందో?"

"నా ఫోన్లో తీసిన ప్రతి ఫోటో, వీడియో దాన్లోకి కూడా వచ్చేలా పెట్టాను. పెట్టి మర్చిపోయాను. అదీ నేనే."

"మరి మొదట్ల ఆ ఏడి?"

"మూత మూస్తే ఆగిపోతుందనుకున్నాను. ఆగలేదు. దాని మీద అమ్మ గుడ్డ కప్పింది, ఊపిరాడలేదు. అదీ..."

"అదీ నువ్వే" అని పూర్తిచేసింది నాయనమ్మ.

లేచి బావ దగ్గరికి వెళ్ళాను. "బావా, తప్పయిపోయింది. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నా కాల్లెందుకురా," అన్నాడు బావ. గొంతులో కోపం ఉంది, కానీ మూతి పక్కన ఏదో వణుకుతోంది. "నాకేటి, నాను ఆ గచ్చు మీదే తొంగుంటాను. అనుమానం మడిసిని కట్టుకోవాల్సింది అది. దాన్నడుగు. వద్దంటే నాను బలవంతం సెయ్యను."

అందరి తలలూ లోపలి గుమ్మం వైపు తిరిగాయి. పళ్ళెం నేల మీదే ఉంది. నాకు చెమటలు పట్టాయి, ఫ్యాను గాలి మొత్తం లాప్‌టాప్‌కే పోతోంది. జ్యోతి గుమ్మం దాటి వచ్చి, నన్ను కింద నుంచి పైకి ఒకసారి చూసింది. నవ్వుతోందో లేదో నాకు తెలియలేదు.

"నాయనమ్మా," అంది, "ఈ సమ్మందమే ఖాయం సెయ్యి. లోకంలో మొగోల్లు తప్పు సేస్తే దాసుకుంటారు. ఇతగాడు పొద్దంతా రికార్డు సేసి, తీగ కూడా తనే తెచ్చుకుని, ఊరందరికీ టీవీల సూపిస్తాడు. ఇలాంటోడు మల్లీ దొరకడు."

నాయనమ్మ పళ్ళెం ఎత్తింది. అందరికంటే గట్టిగా నవ్వింది బావే.

కాబట్టి చదువరులారా, మా ఇంటిల్లిపాదీ సాక్షిగా, కాటుక భరిణె మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా లాప్‌టాప్ ఎంత కాలినా, ఎంత అరిచినా, లోపల ఆవగింజంత చోటు మిగలకపోయినా, ముందుగా నన్ను నేనే అనుమానిస్తాను. బావని ఆ తరవాతే.